ఫోర్ బై ఫోర్ పికప్ ముందు షాఫ్ట్: క్రాస్, బూట్ మనమే చెక్ చేసుకోవడం ఎలా?

ఈరోజు ఫోర్ బై ఫోర్ పికప్ కింద చాలామంది తొంగి చూడని చోటికి వెళ్దాం. అదే ముందు షాఫ్ట్. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి బండి మీ ఇంట్లో ఉంటే ఈ ఎపిసోడ్ మీకోసమే.

రోజూ రోడ్డు మీద టూ హెచ్‌లోనే తిరుగుతాం కదా. అంటే పవర్ వెనక చక్రాలకే వెళ్తుంది. ముందు జాయింట్ల మీద పెద్దగా లోడ్ పడదు కాబట్టి, అవి అరిగినా చాలాసార్లు చప్పుడు రాదు. తీరా బురదలో దిగబడి ఫోర్ హెచ్ వేసిన రోజున అసలు సంగతి బయటపడుతుంది. అందుకే చప్పుడు వచ్చేదాకా ఆగకండి. చేత్తో పట్టుకుని చూడండి.

ఇక్కడ జాయింట్లు రెండు రకాలు. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు డిఫరెన్షియల్‌కి వచ్చేది ప్రొపెల్లర్ షాఫ్ట్. దానికుండే యూనివర్సల్ జాయింట్‌నే మెకానిక్‌లు 'క్రాస్' అంటారు. ప్లస్ గుర్తులా ఉంటుంది. నాలుగు కొనలకు నాలుగు కప్పులు, వాటి లోపల సూదుల్లాంటి బేరింగులు. ఇక డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు వెళ్లే యాక్సిల్స్‌కి ఉండేవి సీవీ జాయింట్లు. వాటికి మడతలు మడతలుగా రబ్బరు బూట్ తొడిగి ఉంటుంది.

ముందు సేఫ్టీ. బండి చదునైన నేల మీద ఉండాలి. ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. సైలెన్సర్ పైపు చల్లారాకే కిందికి వెళ్లండి. ఒక్క జాకీని నమ్ముకుని మాత్రం బండి కింద ఎప్పుడూ దూరకండి.

ఇప్పుడు క్రాస్‌కి అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి వేసి షాఫ్ట్‌ని ఎదురెదురుగా తిప్పండి. తర్వాత పైకీ కిందికీ ఊపండి. జాయింట్ దగ్గరే ఆట తెలిసిందంటే క్రాస్ మార్చాల్సిందే. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా లోపల గ్రీజు ఎండిపోయిందని అర్థం. దీన్ని వదిలేస్తే ఏమవుతుంది? స్పీడ్‌లో క్రాస్ విరిగితే, తిరుగుతున్న షాఫ్ట్ బండి అడుగున ఉన్నవాటిని కొట్టి పగలగొడుతుంది.

గ్రీజు నిపిల్ ఉంటే ముందు దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడవండి. లేదంటే మట్టిని మనమే లోపలికి పంపినట్టు. నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు కాస్త బయటికి వచ్చేదాకా గన్ కొట్టండి. ఒక కప్పు నుంచి రాలేదంటే అక్కడికి గ్రీజు అందట్లేదన్నమాట. ఏ గ్రీజు, ఎన్ని కిలోమీటర్లకు అనేది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. లోతు నీళ్లలో దిగివస్తే మాత్రం అప్పటిదాకా ఆగకుండా వెంటనే కొట్టించండి.

ఇక బూట్. టార్చ్ వేసి ప్రతి మడతా చూడండి. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మినట్టు మరకలుంటే బూట్ చిరిగిందని గుర్తు. అప్పుడే పట్టుకుంటే బూట్, గ్రీజు మారిస్తే సరిపోవచ్చు. ఇసుక లోపలికి వెళ్లిందంటే జాయింటే పోతుంది.

రోడ్డు మీద టెస్ట్ కూడా ఉంది. మెత్తటి మట్టి నేల మీద ఫోర్ హెచ్ వేసి, స్టీరింగ్ బాగా తిప్పి, నెమ్మదిగా నడపండి. టిక్ టిక్ అని వస్తే సీవీ జాయింట్‌ని అనుమానించండి. పొడి తారురోడ్డు మీద ఈ టెస్ట్ వద్దు, గేర్ల మీద అనవసరంగా ఒత్తిడి పడుతుంది.

చివరగా ఒక చిన్న మాట. షాఫ్ట్ విప్పించేటప్పుడు రెండు వైపులా పెయింట్‌తో గుర్తు పెట్టించండి. విప్పినట్టే మళ్లీ బిగించాలి, లేకపోతే వైబ్రేషన్ మొదలవుతుంది.

ఈ ఆదివారం పది నిమిషాలు బండి కింద టార్చ్ వెయ్యండి. మీకేం కనిపించిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను ఫ్రెండ్స్!