నిప్పు తెచ్చి ఇచ్చే పిల్లలు



గంజాం జిల్లా తెలుగు కుటుంబాలకు చుట్ట కొత్త వస్తువు కాదు. శ్రీకాకుళం నుండి బరంపురం వరకు గల తీరగ్రామాలలో స్త్రీలు సైతం చుట్ట కాల్చుట, అందును నిప్పు ఉన్న కొనను నోటిలోపల ఉంచుకొని కాల్చుట తరతరాల అలవాటు. దీనినే అడ్డపొగ అన్నారు. గాలికి నిప్పు ఆరదని, బూడిద చంటిబిడ్డపై రాలదని పెద్దలు కారణాలు చెప్పేవారు. కారణాలు వినుటకు బాగానే ఉన్నవి. నిప్పు మాత్రం అంగిలిని కాల్చక మానలేదు. పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు ఆంధ్ర గ్రామాలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి, అడ్డపొగ వలన అంగిలిపై ఏర్పడే మార్పులను 1971లో లోకానికి తెలియజేశారు. తెల్లబారిన అంగిలి, మానని పుండు, తుదకు క్యాన్సరు - ఇది ఆ అలవాటు నడిచే దారి.

గురజాడవారి గిరీశం పొగాకును కీర్తిస్తూ పద్యం చదివి నవ్విస్తాడు. ఆ నవ్వులోని వ్యంగ్యాన్ని విడిచి పద్యాన్ని మాత్రమే కంఠస్థం చేసినవారే ఎక్కువ!

అసలు సంగతి పిల్లలది. నాయనమ్మ చుట్ట కొని తెమ్మంటుంది. మనుమడు పరుగున పోయి తెస్తాడు. పొయ్యి నుండి నిప్పు అందిస్తాడు. ఒకనాడు తానే వెలిగించి ఒక దమ్ము లాగి చూస్తాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ప్రేమతోనే ఆ అలవాటు చేతులు మారుతుంది. ఒడిశాలో పండ్లు తోముకొనే గుడాఖు కూడ ఇట్లే ఇంటిలోనికి వచ్చినది. 2016-17 జాతీయ సర్వేలో దేశంలోని వయోజనులలో 28.6 శాతం పొగాకు వాడుతుండగా, ఒడిశాలో 45.6 శాతం వాడుతున్నట్లు తేలింది. 2019 సర్వేలో దేశమందలి 13-15 ఏండ్ల విద్యార్థులలో 8.5 శాతం అప్పటికే వాడుచున్నారు. ఎదుగుచున్న మెదడును నికోటిన్ త్వరగా లొంగదీసుకొంటుంది. కనుకనే ఈ వయసులో "ఒక్కసారి" అన్న మాట అంత తేలికైనది కాదు.

"చుట్ట తేను" అని మనుమడు అనుట ధిక్కారమేమో అని సంకోచించనక్కరలేదు. 2003 చట్టం ప్రకారం పదునెనిమిది ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. విద్యాసంస్థకు వంద గజాలలోపల ఎవరికీ అమ్మరాదు. అనగా పెద్దలు పంపినా దుకాణదారు పిల్లవాని చేతికి చుట్ట ఇవ్వకూడదు. ఈ సంగతి తెలియని ఇండ్లు ఎన్నో. తోటివాడు సిగరెట్టు చాపినపుడు కాదనుట ఇంతకన్న కష్టం. అక్కడ చట్టం పక్కన నిలబడదు. ఆ మాట ముందుగా ఇంటిలో అని అలవాటైనవాడికి నోరు పెగులుతుంది.

అయితే నాయనమ్మను నిందించి లాభం లేదు. ముప్పది ఏండ్ల అలవాటు ఒక పూటలో పోదు. 1800-11-2356 అను జాతీయ ఉచిత ఫోను సేవలో మానదలచినవారికి సలహా చెప్పే ఏర్పాటున్నది. మానిన ఏడాదికి పొగవలన కలిగే గుండెజబ్బు ప్రమాదం సుమారు సగానికి తగ్గుతుందని వైద్యులు చెబుతారు. ఆ నంబరును కాగితం మీద వ్రాసి, నాయనమ్మ పక్కన కూర్చొని, మనుమడే మొదటిసారి ఫోను కలిపి ఇవ్వవచ్చును.