ఏఐ నేర్చుకునేవాళ్లు ముందు చేలోకి రావాలి

(వ్యవసాయం, అడవుల పనుల్లో కృత్రిమ మేధ వాడకంపై విద్యార్థులకూ, విస్తరణ అధికారులకూ జరిగిన శిక్షణ తరగతుల్లో రైతు సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఏఐ ఎలా పనిచేస్తుందో నిపుణులు మీకు చెప్పారు. మేము కంప్యూటర్ చదువు చదివినవాళ్లం కాదు. కానీ రేపు మీరు ఏఐని అడిగి ఇచ్చే సలహాను నమ్మి విత్తనం వేసేది మేము, మందు కొట్టేది మేము. పంట బాగా వస్తే ఆ పేరు పదిమంది పంచుకుంటారు. పంట పోతే అప్పు మాత్రం మా ఒక్కరిదే. అందుకే మీకు ఏం నేర్పాలో చెప్పే హక్కు మాకు ఉందనుకుంటున్నాం.

ముందే ఒక మాట చెప్పేస్తాం. మేము ఏఐకి వ్యతిరేకం కాదు. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులతో ఒక ప్రయత్నం చేశాయి. 1986 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు దగ్గర పెట్టుకుని, వేరుశనగ ఎప్పుడు విత్తాలో మామూలు ఫోన్లకే తెలుగులో మెసేజ్ పంపారు. దిగుబడి 30 శాతం దాకా పెరిగిందని ప్రకటించారు. వానాధారపు సేద్యంలో తొలకరికే వేయాలా, ఆగాలా అన్నది ఎంత పెద్ద ప్రశ్నో మాకు తెలుసు. తొందరపడితే విత్తనం ఎండిపోతుంది, ఆలస్యమైతే అదను పోతుంది. ఖమ్మం జిల్లాలో 'సాగు బాగు' పేరుతో 2022 నుంచి 7 వేల మంది మిర్చి రైతులతో ఇలాంటి పనే జరిగింది. దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగు మందుల వాడకం 9 శాతం తగ్గిందని నిర్వాహకులు చెప్పారు. మందు ఖర్చు తగ్గుతుందంటే వద్దనే రైతు ఎవరుంటారు?

మరి మా అనుమానం ఎక్కడ? మీరు చదివిన లెక్కల్లోనే ఉంది. ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే యంత్రాల గురించి 2016లోనే ఒక పేరున్న పరిశోధన వచ్చింది. 54 వేలకు పైగా ఆకుల ఫొటోలతో యంత్రానికి నేర్పారు. అలాంటి ఫొటోలతోనే పరీక్ష పెడితే 99 శాతం సరిగ్గా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపిస్తే 31 శాతానికి పడిపోయింది. ఈ మాట రాసింది ఆ పరిశోధకులే. నేర్పడానికి వాడిన ఆకులు కోసి, శుభ్రమైన బల్ల మీద ఒక్కొక్కటిగా పెట్టి తీసినవి. మా చేలో ఆకు మీద మట్టి ఉంటుంది, నీడ పడుతుంది, నిన్న కొట్టిన మందు మరక ఉంటుంది. మీకు 99 గురించి మాత్రమే చెప్పి పంపిస్తే ఆ శిక్షణ సగమే. 31 గురించి కూడా చెప్పాలి.

మిర్చిలో ముడతనే తీసుకోండి. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. నల్లి పడితే కిందికి ముడుచుకుని బోర్లించిన పడవలా అవుతాయి. జెమిని వైరస్ వచ్చినా ముడతే వస్తుంది, దాన్ని మోసేది తెల్లదోమ. మూడూ ముడతలే, కానీ మూడింటికి చేయాల్సింది వేరు. పైనుంచి ఒక ఫొటో తీసి పంపితే ఆకు అడుగున ఏముందో యంత్రానికి కనపడదు. తామర పురుగు మందు నల్లికి కొడితే డబ్బు పోతుంది, నల్లిని తినే మిత్ర పురుగులూ పోతాయి. 2021-22లో రెండు తెలుగు రాష్ట్రాల్లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోటల్ని ఎలా పాడుచేసిందో అందరికీ గుర్తుంది. అది పూతలో చేరుతుంది. పాత పురుగుల ఫొటోలతో నేర్చుకున్న యంత్రం కొత్త పురుగును పాత పేరుతోనే పిలుస్తుంది. అలాంటి పురుగు ముందుగా కంటపడేది కలుపు తీసే, కాయ కోసే ఆడవాళ్లకి. మీ శిక్షణలో వాళ్ల మాట వినే పాఠం ఒక్కటైనా ఉందా?

భాష సంగతి కూడా చూడండి. రైతు ఫోన్లో "దోమ పడింది, ఏం కొట్టాలి?" అని అడుగుతాడు. వరిలో అయితే అది సుడిదోమ కావచ్చు. పత్తిలో అయితే పచ్చదోమ కావచ్చు, తెల్లదోమ కావచ్చు. తెలిసిన అధికారి అయితే "ఏ పంట, ఏ వయసు, ఆకు మీదా, దుబ్బు మొదట్లోనా?" అని తిరిగి అడుగుతాడు. అడగకుండానే మందు పేరు చెప్పేదాన్ని నమ్మవద్దని మీకు నేర్పాలి. యంత్రం హెక్టారుకు ఇన్ని గ్రాములు అంటుంది. మేము ఒకచోట సెంట్లలో, ఒకచోట గుంటల్లో లెక్క కడతాం, మందు ట్యాంకుకు ఎంత అని కొలుస్తాం. ఈ లెక్క మార్చడంలో తప్పు జరిగితే పంట మాడుతుంది, లేదా మందు చాలక పురుగు చావదు.

అడవి దగ్గరికి వద్దాం. ఇక్కడ అటవీ విద్యార్థులూ ఉన్నారు. ఉపగ్రహం చూసి అడవిలో మంటల హెచ్చరికలు పంపే ఏర్పాటు దేశంలో ఇప్పటికే ఉంది. మంచిదే. అయితే ఆ చిత్రంలో ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం, అంటే దాదాపు 35 ఎకరాలు. మంట ఉందని అది చెబుతుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు ఊడ్చి కాల్చారా, పోడు చేలో కంప కాల్చారా, బాటసారి బీడీ పారేశాడా అన్నది చెప్పదు. ఆ తెర చూసి గూడెం మీద కేసు రాసే ఉద్యోగి తయారైతే ఏఐ శిక్షణ ఆదివాసీల మెడకు ఉరి అవుతుంది.

పోడు పట్టాలకూ ఇదే వర్తిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపాలి. పోడు చేలో ఇప్ప, చింత చెట్లను నరకకుండా ఉంచుతారు. పైనుంచి చూస్తే అది అడవిలాగే కనిపిస్తుంది. అందుకే 2012లో సవరించిన నిబంధనల్లో స్పష్టంగా రాశారు: ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతికత మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు గాని, వాటికి బదులు కాజాలవు. గ్రామసభ మాట, ఊరి పెద్దల వాంగ్మూలం, పాత గట్టు, సమాధి, బావి ఇవన్నీ సాక్ష్యాలే. మిత్రులారా, ఏఐ శిక్షణ మొత్తానికి ఈ ఒక్క నిబంధన చాలు. యంత్రం తోడుగా ఉండాలి, బదులుగా కాదు.

మరి ఎలా నేర్పాలి? కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మన రాష్ట్రాల్లో పొలంబడి నడిచింది. రైతులు వారానికోసారి చేలో దిగి, మొక్కలు చూసి, శత్రు పురుగులెన్ని, మిత్ర పురుగులెన్ని అని లెక్కగట్టి, మందు కావాలా వద్దా అని కూర్చుని తేల్చుకునేవాళ్లు. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది విద్యార్థులు రావెప్ పేరుతో ఊళ్లలో ఉంటున్నారు. ఈ రెండింటినీ కలపండి. విద్యార్థి చేలో నిలబడి ముందు తన కంటితో చూసి ఒక మాట రాయాలి. రైతు ఏమంటున్నాడో రాయాలి. ఆ తర్వాతే యంత్రాన్ని అడగాలి. వారం తర్వాత వచ్చి ఎవరి మాట నిజమైందో చూడాలి. యంత్రం ఎక్కడ తప్పిందో పట్టుకున్నవారికి ఎక్కువ మార్కులు వేయాలి. ఆ తప్పులు యంత్రం తయారుచేసినవారికి తిరిగి చేరాలి. అప్పుడే అది మన నేల మీద, మన పంటల మీద నేర్చుకుంటుంది.

ఇక జవాబుదారీ. 2012లో విత్తనాల కేసులో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడే అని తీర్పు ఇచ్చింది. విత్తనం మొలవకపోతే పరిహారం అడిగే దారి దొరికింది. కానీ ఉచితంగా ఇచ్చే సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదు. ఫోన్లో వచ్చే సలహా ఎక్కువగా ఉచితమే. దాన్ని నమ్మి పంట పోగొట్టుకున్న రైతు ఎవర్ని అడగాలి? సలహా ఇచ్చే యాప్ వాళ్లే మందులూ అమ్ముతుంటే "ఈసారి మందు అక్కర్లేదు" అనే మాట దాని నోట వస్తుందా? ఇవి కూడా మీ పాఠాల్లో ఉండాల్సిన ప్రశ్నలే.

కౌలు రైతు గురించి మర్చిపోకండి. రైతు గుర్తింపు సంఖ్యలు భూమి రికార్డుల ఆధారంగా ఇస్తున్నారు. భూమి పత్రం లేనివాడు ఆ జాబితాలో ఉండడు. చేలో ఉన్నది కౌలుదారు, సలహా వెళ్లేది పట్నంలో ఉన్న భూయజమాని ఫోనుకి. పైరు మీద చెయ్యి ఉన్నవాడికి చేరని సలహా ఎంత తెలివైనదైనా వృథా.

అందుకని రైతు సంఘం తరఫున మేము కోరేది ఇది. ఏఐ శిక్షణలో సగం కాలం చేలో, గూడెంలో జరగాలి. అక్కడ పాఠం చెప్పే రైతుకు, రైతు కూలీకి, ఆదివాసీకి మిగతా ఉపన్యాసకులకు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాలి. ఏఐ ఇచ్చే ప్రతి మందు సలహా కింద బాధ్యత తీసుకునే అధికారి పేరు ఉండాలి. మా చేల ఫొటోలు, వివరాలు మా అనుమతి లేకుండా కంపెనీలకు పోకూడదు. కౌలు రైతులను, మహిళా రైతులను పేరుపేరునా నమోదు చేయాలి. ఏఐ వచ్చిందన్న సాకుతో ఒక్క విస్తరణ అధికారి పోస్టు కూడా తగ్గించకూడదు. తెలంగాణలో ఒక్కో విస్తరణ అధికారికి దాదాపు 5 వేల ఎకరాల క్లస్టర్ ఉంది. యంత్రం ఆ మనిషికి కాగితాల పని తగ్గించి చేలోకి పంపాలి గాని, చేను నుంచి కుర్చీలోకి కాదు.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది రైతుల బిడ్డలే. ఈ వానాకాలంలో మీ ఫోన్లు, యంత్రాలు పట్టుకుని మా ఊళ్లకు రండి. ఏ చేలో దిగాలో, ఎవర్ని అడగాలో సంఘం చూపిస్తుంది. సెలవు.