లండను నగరమున తెలుగుజాడలు

(కె.కోటపాడు గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున నా విదేశయాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినారు. అమెరికాలోనున్న మా అమ్మాయి యింటికి పోవుచు, త్రోవలో లండను నగరమున మూడు దినములు మాత్రమే ఆగితిని. మూడు దినములలో ఆ మహానగరమును చూచితినని చెప్పుట సముద్రమును దోసిట పట్టితినని చెప్పుట వంటిది. కావున ఊరంతయు వర్ణింపబూనను. థేమ్సునదిపై పడవలో పోవుచు 1894లో పూర్తియైన టవర్ వంతెనను చూచితిని. 1859 నుండి గంటలు కొట్టుచున్న పార్లమెంటు గడియారమును చూచితిని. 1863లో మొట్టమొదట నడచిన భూగర్భరైలు మార్గములలో తిరిగితిని. ఇవి యెల్లరును చూచునవే. తెలుగువారికి చుట్టరికము గల మూడు తావులను మాత్రము నేడు మీకు చూపదలచితిని.

మొదటిది బ్రిటిషు మ్యూజియము. 1753లో చట్టముచే ఏర్పడి, 1759లో ప్రజలకు తెరువబడిన ఈ ప్రదర్శనశాలకు ప్రవేశరుసుము లేదు. అందు 1992లో అమరావతీ శిల్పములకై ప్రత్యేకముగా ఒక గదిని ఏర్పాటు చేసినారు. అద్దపు తలుపులు త్రోసికొని లోనికి పోగా, పల్నాటి సున్నపురాతి పలకలు గోడలవెంట నిలిచియున్నవి. కృష్ణాతీరమున మనవారు చెక్కిన పద్మములు, పూలదండలు మోయు బాలురు, ఏనుగులు, బుద్ధుని చరిత్రఘట్టములు కన్నులకు కట్టినవి. ఒక పలక నన్ను చాలసేపు నిలిపివేసినది. దాని యొక వైపున క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దినాటి బోధివృక్షపూజ కలదు. రెండవవైపున క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో అదే రాతిని త్రిప్పి చెక్కిన స్తూపము కలదు. ఆ స్తూపము నేడు మట్టిదిబ్బయై మిగిలినది. అది పూర్ణవైభవముతో నున్నప్పుడు ఎట్లుండెనో తెలియుటకు ఇట్టి పలకలే మనకు ఆధారము.

ఇవి అచ్చటికి ఎట్లు చేరెను? పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిని రాజధానిగా నిర్మించుకొనుచుండగా, ఇటుకలకును రాళ్లకును ఆ దిబ్బను త్రవ్విరి. ఆ వార్త విని కర్నల్ మెకంజీ వచ్చి చూచెను. 1816లో తిరిగి వచ్చి పటములు గీయించెను. నడుమ ఎన్నో పలకలు మెట్లకును కట్టడములకును పోయినవి. కొన్ని సున్నమైపోయినవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి తీసిన రాళ్లు మద్రాసునకు చేరి, ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడిసి, 1859లో ఓడనెక్కినవి. లండనులోనైనను వెంటనే గౌరవము దొరకలేదు. గిడ్డంగులలో పడియున్న వానిని ఫెర్గుసన్ పండితుడు గుర్తించి 1868లో గ్రంథము ప్రకటించెను. 1880లో గాని అవి మ్యూజియమునకు చేరలేదు.

ఈ కథ విన్న మీకు కోపము రావచ్చును. మన సొత్తు మనలను అడుగకయే తరలింపబడినదనుట సత్యము. ఏలుబడి యొకరిది, సొమ్ము మరియొకరిది అయిన కాలమున జరిగిన పనిని న్యాయమని నేననను. కాని మెట్లక్రింద వేసికొన్న చేతులు మనవే యనుటయు సత్యము. రెండింటిలో ఒకదానినే చెప్పువాడు సగము చరిత్రయే చెప్పినవాడగును.

రెండవతావు బ్రిటిషు లైబ్రరీ. ఇది 1973లో మ్యూజియము నుండి వేరుపడి, 1998లో స్వంతభవనమునకు మారినది. మూడవ జార్జిరాజు సేకరించిన అరువదియైదువేల సంపుటములను ఆరంతస్తుల అద్దపుగోపురమున పేర్చియుంచినారు. కాఫీ త్రాగువారు సైతము తలయెత్తిన చాలు, పుస్తకదర్శనము చేసికొనవచ్చును. 1801లో కుంఫిణీవారు స్థాపించిన ఇండియా ఆఫీసు గ్రంథాలయము 1982లో ఇందు కలిసిపోయినది. మెకంజీ సేకరణలో ఒక భాగమును, అనేక తెలుగు ముద్రితగ్రంథములును అచ్చటనున్నవి. ఆ సేకరణ వెనుక ఏలూరివారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల శ్రమ కలదు. గ్రామములు తిరిగి, కరణములను అడిగి, శాసనములు చదివి, కైఫీయతులు వ్రాయించినది వారే. దొరపేరు పెట్టెపైననున్నది. లోపలి యక్షరములు మనవారివి.

మూడవది కెన్సల్ గ్రీన్ శ్మశానవాటిక. 1833లో ఏర్పడిన ఆ విశాలమైన తోటలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను సమాధి యున్నది. కలకత్తాలో 1798లో పుట్టి, లండనులో 1884 డిసెంబరు 12న మరణించిన ఆయన మన భాషకు చేసిన సేవ మీరెరుగుదురు. కడపలో తన బంగళాను పండితుల పాఠశాలగా మార్చి, జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి మున్నగువారిచే తాళపత్రములు పరిష్కరింపజేసి, జీతములు స్వయముగా ఇచ్చి, 1829లో వేమన పద్యములను, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఆయన సేకరించిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు పునాదిరాళ్లైనవి. కడపలో ఆయన నివసించిన స్థలమున జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషితో గ్రంథాలయము వెలసినది. పాలరాతి విగ్రహముకంటె ఇదియే ఆయనకు తగిన స్మారకము.

సభాసదులారా! ఈ మూడుతావులను మన కోటపాటి గ్రంథాలయముతో ముడిపెట్టుట అతిశయోక్తి కాదు. మనకు దాపుననే అనకాపల్లి చెంత శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండ యున్నవి. కొండను తొలిచి చేసిన గుహలు, ఏకశిలాస్తూపములు నేటికిని నిలిచియున్నవి. అమరావతిని చెక్కించిన బౌద్ధధర్మమే ఇచ్చటికిని వచ్చినది. అట్టి కొండకు కనుమనాడు తీర్థము వెళ్లి, అచ్చటి బౌద్ధశిథిలమును రాక్షసుని శరీరమని తలచి రాళ్లు రువ్వు ఆచారము మనవారిలో చాలకాలము సాగినది. చరిత్ర తెలిసినవారు నచ్చజెప్పగా అది ఆగినది. రాళ్లు రువ్వినవారు దుర్మార్గులు కారు. వారికి చెప్పినవారు లేకపోయిరి, చదువుకొనుటకు పుస్తకము చేతికి అందకపోయెను. అంతే.

1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయమును, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును వెలయించిన అయ్యంకి వేంకటరమణయ్యగారి వంటి పెద్దలు ఊరూర పుస్తకముండవలెనని తపించినది ఇందుకే. నగరములలో గొప్పశాలలున్నను, పల్లెవాడు అందుకొనలేనిచో అవి వానికి లేనట్లే. ఇరువదియైదేండ్లుగా మీరు ఈ బీరువాలను చెదల నుండియు, వానచినుకుల నుండియు కాపాడుట చిన్నపని కాదు.

ఇక మీకొక మనవి. మన యిండ్ల అటకలపై తాటాకు కట్టలు, పాతపత్రికలు, కరణముల లెక్కలు, పెండ్లిపాటల వ్రాతప్రతులు ఇంకను ఉండవచ్చును. దీపావళి శుభ్రము చేయునప్పుడు వానిని పొయ్యిలో పెట్టకుడు, పాతసామానులవానికి తూచి యీయకుడు. ఇచ్చటికి తెండు. ఈ గ్రంథాలయమున “మన ఊరు” అను పేర ఒక్క బీరువా పెట్టించి, పెద్దల నోటనున్న వీథుల పేర్లు, చెరువుల పేర్లు, తీర్థముల కథలు కుఱ్ఱవారిచే వ్రాయించి అందుంచుడు. ఆ బీరువాకు నావంతు చందా నేడే కార్యదర్శిగారికి సమర్పించుచున్నాను. స్వర్ణోత్సవమునాటికి మన పిల్లలు మన ఊరి సంగతి తెలిసికొనుటకు ఓడయో విమానమో ఎక్కి పోవలసిన పని లేకుండవలెను.