గ్రంథాలయ పట్టికయు వెబ్‌సైటు నిర్మాణారంభమును
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఎల్లారెడ్డి నుండి ఒక పాఠకుడు ఒక్క పుస్తకము కొఱకు బస్సెక్కి కామారెడ్డికి వచ్చెననుకొనుడు. పోయి రావలెనన్న ఒక పూట గడచును. కూలిపనివాడైనచో ఆనాటి కూలియు పోవును. తీరా వచ్చి అడుగగా, ఆ పుస్తకము లేదనియో, ఉన్నను వేఱొకరు తీసికొనిపోయిరనియో గ్రంథపాలకుడు చెప్పును. ఆ సంగతి ఇంటియొద్దనే తెలిసినచో అతడు బయలుదేరియుండెడివాడు కాడు. పాఠకుని కాలము వృథా కారాదనుట గ్రంథాలయ ధర్మములలో నొకటియని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో చేర్చిరి. నేడు ఆ ధర్మమును నెరవేర్చుటకు చేతికందిన సాధనము వెబ్‌సైటు. అది నగరములలోని గొప్ప సంస్థలకే చెల్లునను భయము గ్రామములలో నింకను కలదు. ఆ భయములో నిజమెంతయో, పని ఎచట మొదలుపెట్టవలెనో, ఎచట కాలు జారునో చెప్పుటయే ఈ యుపన్యాసమునకు విషయము.

వెబ్‌సైటు మూలమున కొన్ని పుటలు మాత్రమే. స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి 1991లో లోకమునకు వెల్లడించిన తొలి పుటలలో అక్షరములును, ఒక పుట నుండి మఱొక పుటకు దారి చూపు లంకెలును తప్ప పెద్ద ఆర్భాటమేమియు లేదు. 1993 ఏప్రిలు 30వ తేదీన ఆ సంస్థ ఈ విద్యను రుసుము లేకుండ అందఱకు విడిచిపెట్టెను. గ్రంథాలయము తెఱచు వేళలు, చిరునామా, కార్యవర్గ సభ్యుల పేర్లు తెలుపుట మాత్రమే కోరికయైనచో, నేటికిని అట్టి పుట యొక్కటి చాలును. హెచ్.టి.ఎమ్.ఎల్. అను గుర్తుల భాషలో దానిని ఒక సాయంకాలమున వ్రాయవచ్చును. పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వలదు. క్రొత్తగా నేర్చువారు ఈ పుటనైనను చేతితో వ్రాయక పెద్ద సాధనములకు పరుగెత్తుట మంచిది కాదు; అక్షరములు రానివాడు వ్యాకరణము తెఱచినట్లుండును.

కాని మూడువేల పుస్తకముల పట్టిక చూపవలెనన్న మూడువేల పుటలు చేతితో వ్రాయుట జరుగు పని కాదు. పాఠకుడు పేరడిగినపుడు వెదకి చూపుటకు, ఇచ్చిన పుస్తకము తిరిగి వచ్చినపుడు గుర్తు మార్చుటకు ప్రోగ్రాము కావలెను. ఇట్టి ప్రోగ్రాములు వ్రాయువారందఱికి కొన్ని పనులు సమానము: వచ్చిన యడుగుదలను తగిన చోటికి పంపుట, సమాచారమును భద్రపఱచుట, పాస్‌వర్డును సరిచూచుట, దొంగదారిని వచ్చువారిని అడ్డుట. ప్రతివాడును వీనిని మొదటినుండి తానే చేసికొనుట, ప్రతి గ్రంథాలయము తన రిజిస్టరుకు కాగితము కోసి, కుట్టి, గీతలు గీసికొనుట వంటిది. బజారులో గీతలు గీసిన రిజిస్టరు దొరకుచుండగా ఆ శ్రమ యెందులకు? అట్టి గీతలు గీసిన రిజిస్టరే ఫ్రేమ్‌వర్క్. గడులు సిద్ధముగా నుండును. గడిలో ఏమి వ్రాయవలెనో నిర్ణయించుట మాత్రము కొన్నవాని పని.

ఫ్రేమ్‌వర్కులు అనేకములు కలవు. 2004లో రెయిల్స్, 2010లో ఫ్లాస్క్, 2011లో లారావెల్ వెలువడినవి. వేనిలోనైనను పని జరుగును. గ్రంథాలయపు పనికి జాంగో అనునది ప్రత్యేకముగా అనుకూలము. దాని పుట్టుక విన్న కారణము తెలియును. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ అను పట్టణము కలదు. అచటి దినపత్రిక లారెన్స్ జర్నల్-వరల్డ్. ఆ పత్రిక వెబ్‌సైట్లను నిర్మించుచుండిన ఏడ్రియన్ హోలొవాటి, సైమన్ విల్లిసన్ 2003లో ఈ పనికి పూనుకొనిరి. పత్రికలో గడువు దినములలో గాక గంటలలో నుండును. పదేపదే వచ్చు పనులను ఒకచోట కూర్చుకొనక వారికి గడవలేదు. వార్తలను చేర్చువారు ప్రోగ్రాము వ్రాయువారు కారు గనుక, వారికొక తేలికయైన తెర కావలసివచ్చెను. ఇట్లు ఒక పట్టణ పత్రిక అవసరమునుండి పుట్టిన సాధనమును 2005 జూలైలో ఉచితముగా లోకమునకిచ్చిరి. పేరు జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసునిది. అగ్నిప్రమాదమున ఎడమచేతి రెండు వ్రేళ్లు పనికిరాకపోయినను మిగిలిన వ్రేళ్లతో వాయించి కీర్తి గడించినవాడు. ఆంగ్లమున వ్రాయునపుడు ఆ పేరు మొదట పలుకని డకార మొకటి యుండును. తెలుగున దానిని వ్రాయనే యక్కఱలేదు.

జాంగోలోని ముఖ్యభాగములు గ్రంథపాలకునకు ముందే తెలిసినవి. మోడల్ అనునది అక్సెషను రిజిస్టరులోని గడుల వరుస: సంఖ్య, గ్రంథనామము, కర్త, సంవత్సరము. వ్యూ అనునది పాఠకుడడిగిన పిమ్మట గ్రంథపాలకుడు లేచి, వెదకి, సమాధానము తెచ్చు పని. టెంప్లేట్ అనునది ఆ సమాధానమును వ్రాసి చూపు పలక. ఏ యడుగుదల ఏ వ్యూ వద్దకు పోవలెనో చెప్పు జాబితా వేఱుగా నుండును. అది వాకిటనున్న బంట్రోతు వంటిది.

ఆరంభమునకు సామాన్యమైన కంప్యూటరు చాలును. 1991లో గిడో వాన్ రాసమ్ వెలువరించిన పైథాన్ భాషను ముందుగా చేర్చుకొనవలెను. పిమ్మట ఈ పనికై ప్రత్యేకముగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంటు ఏర్పఱచి, దానిలో పిప్ అను సాధనముతో జాంగోను తెచ్చుకొనవలెను. ఒక పనికి తెచ్చిన సామగ్రి మఱొక పనిలో కలియకుండుటకే ఈ ఏర్పాటు. సంచికను ఎన్నుకొనునపుడు దీర్ఘకాల మద్దతు గలదానినే ఎన్నుకొనవలెను. 2023 ఏప్రిలులో 4.2, 2025 ఏప్రిలులో 5.2 అట్టివిగా వెలువడినవి. ఒక్కొక్కదానికి సుమారు మూడేండ్లు రక్షణ సవరణలు అందును. స్టార్ట్‌ప్రాజెక్ట్ అను ఆజ్ఞతో పని మొదలుపెట్టి, రన్‌సర్వర్ అను ఆజ్ఞ నిచ్చి, బ్రౌజరులో 127.0.0.1:8000 అను చిరునామా తెఱచినచో ఒక రాకెట్టు బొమ్మ కనబడును. అది కనబడిన సంతోషములో ఆ చిరునామాను ఫోనుద్వారా మిత్రులకు పంపువారు కలరు. అది తన కంప్యూటరును మాత్రమే చూపు చిరునామా; మిత్రుల కేమియు కనబడదు.

పిమ్మట మోడల్ వ్రాసి, మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్ అను రెండాజ్ఞల నిచ్చినచో రిజిస్టరు గడులు డేటాబేసులో ఏర్పడును. పైథాన్‌తో వచ్చు ఎస్క్యూలైట్ డేటాబేసు ఒకే ఫైలులో ఇముడును. గ్రామ గ్రంథాలయమునకు అది చాలును. పిదప అధికారి పేరు నమోదు చేసికొని అడ్మిన్ పుట తెఱచిన, పుస్తకములు చేర్చుటకు, దిద్దుటకు, తొలగించుటకు తగిన తెర సిద్ధముగా నుండును. దీనికై ప్రోగ్రాము దాదాపు వ్రాయనక్కఱలేదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకడు రోజునకు ఇరువది పుస్తకములు ఆ తెరమీద చేర్చగలడు. భాషను తెలుగుగా నిర్ణయింపవచ్చును గాని కొన్ని మాటలు ఆంగ్లముననే మిగిలియుండును.

గడులను గీయునపుడే ఆలోచన యవసరము. ఒక గ్రంథమునకు రెండు ప్రతులున్న, గ్రంథ మొకటే, ప్రతులు రెండు. కావున గ్రంథములకొక పట్టిక, ప్రతులకొక పట్టిక వేఱుగా నుండవలెను. సభ్యుల చిరునామాల సంగతి ఇంకను చూడదగినది. 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము కామారెడ్డియు ఎల్లారెడ్డియు నిజామాబాదు జిల్లాలో నుండెను. నాటినుండి కామారెడ్డి జిల్లా వేఱుపడినది. ప్రతి సభ్యుని పేరు ప్రక్కన జిల్లా పేరు వ్రాసినచో వేయిమంది సభ్యులకు వేయి దిద్దుబాట్లు. ఊళ్ల పట్టిక నొకదానిని వేఱుగా నుంచి, సభ్యుని ఊరికి లంకె మాత్రమే వేసి, ఊరి లంకె మండలమునకు, మండలపు లంకె జిల్లాకు వేసినచో, మండలమున కొక్క దిద్దుబాటు చాలును. ఫారిన్ కీ అను మాట విని బెదరువారు ఈ యొక్క యుదాహరణము తలచుకొన్న చాలును.

తెలుగు లిపి విషయమున నింకొంత నిలువవలెను. పాఠ్యపుస్తకములు దీనిని చెప్పవు. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణముననే తెలుగునకు స్థానము దొరకినను, 2000 దశకపు తొలియేండ్లలో అనేక తెలుగు వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారిదిగా నడచినవి. ఒకదానిలోని మాట మఱొకదానిలో పిచ్చిగీతలుగా కనబడెడిది, వెదకిన దొరకెడిది కాదు. నేడా చిక్కు లేదు. మిగిలినది వేఱొకటి. కామారెడ్డి అను మాటలో అక్షరములు నాలుగని బడి పిల్లవాడు చెప్పును. కంప్యూటరు పది యనును. హల్లు, దీర్ఘము, ఎత్వము, గుడి, పొల్లు అన్నియు దానికి వేఱువేఱు. ఎల్లారెడ్డి దాని లెక్కలో పదునొకండు. కావున గ్రంథనామపు గడికి యాబది అక్షరముల హద్దు పెట్టినవాడు, పట్టుమని పది మాటలైన పట్టకముందే గడి నిండుట చూచి ఆశ్చర్యపడును. మూడువందలు పెట్టుట మేలు.

ఇంతకన్న వింతయైనది పుట చిరునామా. పేరునుండి చిరునామా తయారుచేయు స్లగిఫై అను సాధనము జాంగోలో కలదు. మామూలుగా అది తెలుగు అక్షరములనన్నిటిని తుడిచివేయును. 2015లో వచ్చిన 1.9 సంచిక నుండి ఇతర లిపులను అనుమతింపుమని దానికి చెప్పవచ్చును. చెప్పినను, పైథాన్ అచ్చులను హల్లులను మాత్రమే అక్షరములుగా నెంచును గనుక గుణింతపు గుర్తులన్నియు రాలిపోవును. కామారెడ్డి "కమరడడ" యగును; ఎల్లారెడ్డి "ఎలలరడడ" యగును! నవ్వు వచ్చును గాని, ఇట్లు రాలిన పేర్లలో రెండు గ్రంథములు ఒకే చిరునామాకు పోటీపడు ప్రమాదము కలదు. దీనికి మందు అక్సెషను రిజిస్టరులోనే యున్నది. పుటకు పేరు గాక సంఖ్యనే చిరునామాగా నీయవలెను. 412వ పుస్తకము ఎన్నేండ్లైనను 412వ పుస్తకమే. ఒకరికిచ్చిన సంఖ్య మఱొకరికీయరాదను నియమము డేటాబేసు పుట్టకముందే గ్రంథపాలకులు పాటించినది.

వెదకువారి సంగతియు నుండనే యున్నది. ఎల్లారెడ్డి పేరును రోమను లిపిలో కొందఱు వై అక్షరముతో మొదలుపెట్టుదురు, కొందఱు ఇ అక్షరముతో. కామారెడ్డి చివర వై వ్రాయువారు, ఐ వ్రాయువారు ఇరుతెగలును కలరు. ఫోనులో తెలుగు టైపు చేయుట యలవాటు లేనివారు రోమను లిపిలోనే వెదకుదురు. కావున ఊళ్ల పట్టికలో మాఱుపేర్లకొక గడి యుంచి, వెదకునపుడు దానినిగూడ చూడుమని చెప్పవలెను. ఎల్లారెడ్డి యని వెదకినపుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేటయు వచ్చి చేరును. ఊరిపేరు ప్రక్కన జిల్లా చూపుట వలన ఈ పొరపాటు తప్పును.

రక్షణ విషయమున ఫ్రేమ్‌వర్క్ చేయు మేలు గొప్పది. పేరు వ్రాయవలసిన గడిలో ఎవడైన ప్రోగ్రాము ముక్కను వ్రాసి పంపినను, జాంగో టెంప్లేట్ దానిని వట్టి అక్షరములుగా చూపును గాని పనిచేయనీయదు. పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచక, తిరిగి చదువ వీలులేని రూపమునకు మార్చి దాచును. అయినను ఇంటికి తలుపులున్నంత మాత్రమున గడియ పడదు. నేర్చుకొనునపుడు డీబగ్ అను ఏర్పాటు తెఱచియుండును. తప్పు జరిగినపుడు లోపలి వివరములనన్నిటిని అది తెరమీద పఱచును. లోకమునకు తెఱచునాడు దానిని మూయకుండుట, రహస్యపు తాళమైన సీక్రెట్ కీని ప్రోగ్రాముతోపాటు నలుగురికి పంచుట తఱచుగా జరుగు పొరపాట్లు. రన్‌సర్వర్ సైతము అభ్యాసమునకే గాని బహిరంగ సేవకు కాదు. ఇంకొకటి: ఏ పుస్తకము బయట నున్నదో చూపవచ్చును గాని, ఎవరివద్ద నున్నదో చూపరాదు. వ్యాధిని గుఱించియో, కుటుంబ కలహమును గుఱించియో ఒకరు చదివిన పుస్తకము ఊరందఱికి తెలిసిన, ఆ మనిషి మరల గ్రంథాలయపు గడప త్రొక్కడు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు దేశమున చట్టము చేయబడినది. చట్టము లేకున్నను ఈ మర్యాద పాటింపవలసినదే.

నిర్మించుటకన్న నిలుపుట కష్టము. సర్వరుకు అద్దెయు, పేరుకు ఏటేట రుసుమును చెల్లించుచుండవలెను. ఒక్క యేడు మఱచిన వెబ్‌సైటు మాయమగును. ఉత్సాహముతో నిర్మించిన యువకుడు ఉద్యోగమునకై హైదరాబాదుకో, గల్ఫు దేశములకో పోవుట ఈ ప్రాంతమున క్రొత్త కాదు. పాస్‌వర్డులు అతని ఫోనులోనే యుండి, రుసుము గడువు తెలుపు లేఖలు అతని మెయిలుకే పోవుచున్న, ఇక్కడివారికి ఆ సంగతి తెలియునప్పటికి పట్టిక కనబడకుండపోవును. కావున పేరును గ్రంథాలయము పేరిట తీసికొనవలెను. తాళములు కనీసము ఇద్దఱివద్ద నుండవలెను. రుసుము చెల్లించు తేదీని కార్యవర్గపు మినిట్సు పుస్తకమున వ్రాసికొనవలెను.

పని మొదలుపెట్టువారు మూడువేల పుస్తకములను ముందే చేర్పబూనరాదు. మొదటి బీరువా మొదటి అరలోని నలుబది పుస్తకములను చేర్చి, ఎల్లారెడ్డిలోని ఒక పాఠకునిచేత, తక్కువ వెలగల ఫోనులో, వెదకించి చూడవలెను. అతడు ఎచట తడబడెనో వ్రాసికొని, ఆ గడిని దిద్ది, పిమ్మట రెండవ అర తెఱువవచ్చును. పాత అక్సెషను రిజిస్టరును మాత్రము అటకమీద పడవేయరాదు. ప్రతి మార్చి నెలలో డేటాబేసు ప్రతి నొకదానిని వేఱొకచోట భద్రపఱచి, పట్టిక నచ్చువేయించి, ఆ రిజిస్టరు ప్రక్కననే బీరువాలో నుంచవలెను.