అబిసీనియా పంపకము

(మేళ్లచెరువు సభలో మేము చేసిన ఉపన్యాసము)



అబిసీనియా యెక్కడ, మేళ్లచెరువెక్కడ యని మీరడుగవచ్చును. 1935లో ఈ రెంటి సంగతిని తేల్చబూనిన చేయి యొక్కటియే. సర్ శామ్యూల్ హోర్ 1931 నుండి 1935 జూన్ వఱకు ఇండియా మంత్రి. ఆపై ఆంగ్ల విదేశాంగ మంత్రి.

ఆ సెప్టెంబరులో హోర్ దొర జినీవాలో నిలిచి, దురాక్రమణను నానాజాతి సమితి యెల్ల విధముల నెదిరించునని ఘనముగా పలికెను. అక్టోబరు 3న ఇటలీ సేనలు అబిసీనియాలో జొరబడెను. సమితి ఇటలీపై ఆర్థిక నిర్బంధములు విధించెను. కాని పెట్రోలియము మాత్రము ఆ జాబితాకెక్కలేదు! పెట్రోలు లేక ముస్సోలినీ లారీలు, విమానములు ఎన్నాళ్లు కదలును? సూయజు కాలువయు తెఱచియే యుండెను. 1888 నాటి యొడంబడిక ప్రకారమది యుద్ధకాలమునను తెఱచియుండవలెనట. మొదటి మహాయుద్ధమున శత్రునౌకలకా దారి దొరకెనా? నాడు దానిని గాచుటకు పోయినవారిలో నిజాము సంస్థానపు ఆశ్విక దళమును గలదు.

ఆంగ్ల సేనాపతుల లెక్క వేఱు. ఇటలీతో పోరి గెలిచినను కొన్ని యోడలు పోవును. అవి పోయినచో తూర్పున జపాను తలయెత్తును. ఫ్రాన్సు తోడు నిలుచునన్న నమ్మకము లేదు. లెక్క తప్పని మేమనము. ఆ లెక్క చేతనుండగా జినీవాలో నంతటి ప్రగల్భమేల? ఆ మాట నమ్మినవారి ప్రాణములు గదా పోయినవి!

డిసెంబరు 8న పారిసులో హోర్, ఫ్రెంచి ప్రధాని లవాల్ కూర్చుండి అబిసీనియాను పంచిరి. కొంత నేల తిన్నగా ఇటలీకి. దక్షిణమున విశాలభాగము ఆర్థిక విస్తరణ మను పేర ఇటలీకే. చక్రవర్తికి సముద్రమునకొక సన్నని దారి! పంపకపు వేళ ఆయనను పిలిచినవారు లేరు. మఱునాడే పారిసు పత్రికలు గుట్టు బయట పెట్టెను. ఆంగ్ల ప్రజ మండిపడగా 18న హోర్ రాజీనామా నిచ్చెను. ఆఱు నెలలు నిండకమునుపే, 1936 జూన్‌లో, ఆయనకు నౌకామంత్రి పదవి దొరకెను. విషవాయువున మాడిన అబిసీనియా అప్పటికే, మే 5న, రాజధానిని గోల్పోయియుండెను.

ఇక మన సంగతి. హోర్ దొర కామన్సు సభలో నడపిన ఇండియా చట్టము 1935 ఆగస్టు 2న రాజామోదము పొందెను. అందలి ఫెడరేషను దిగువ సభలో హైదరాబాదునకు 16 స్థానములు. వానిని నింపవలసినది ప్రజలు గారు, నిజాము ప్రభువు. నాడు నల్లగొండ జిల్లాలోనున్న ఈ యూరి రైతున కందు వోటు లేదు. ఆ ఫెడరేషను పుట్టనేలేదు, అది వేఱు మాట. దానికి పునాది వేసిన రౌండ్‌టేబిలు సభలకు మన సంస్థానము పక్షమున లండను వెళ్లినవారు సర్ అక్బర్ హైదరీ. ఆయన సమర్థుడే. ఆయనను పంపినది ప్రభువు.