వట్టి దరువు

(దళిత యువజన శిక్షణా తరగతుల్లో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

 

పొద్దుటి నుంచి భూమి గురించి, కూలిరేట్ల గురించి మాట్లాడుకున్నాం. మేమిప్పుడు చెప్పేది వింటే కొందరికి నవ్వు రావచ్చు. వారానికి ఒక గంటయినా డప్పు కొట్టుకుందాం, పాట కట్టుకుందాం, బొమ్మ గీసుకుందాం అంటున్నాం. సభ కోసం కాదు, డబ్బు కోసం కాదు. మన సంతోషానికి.

"కూటికి లేనోడికి సరదాలేంట్రా" అనేది దొరలు మాత్రమే కాదు, మన కార్యకర్తలూ అంటున్నారు.

మనకు కళ లేకనా? కట్టె చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి, చిర్రతో పలికించే విద్య మన తాతలది. అది ఎప్పుడు మోగింది? ఊళ్లో చావుకు, జాతరకు, చాటింపుకు. రమ్మంటే పోవాలి, ఆపమంటే ఆపాలి. చేతులు మనవి, దరువు మనది, వేళ మాత్రం వాళ్లది. అందుకే ఎన్నో పల్లెల్లో మనవాళ్లు చావుడప్పు కొట్టం పొమ్మన్నారు, వెలివేతలకూ ఓర్చుకున్నారు. 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా అదే డప్పును ఆత్మగౌరవంతో భుజానేసుకుంది. రెండూ న్యాయమే. కానీ చూడండి, డప్పు ఇంకా పనిలోనే ఉంది. నిన్న దొర పని, నేడు ఉద్యమం పని. వట్టిగా మోగేదెప్పుడు?

బాబాసాహెబ్ అంబేద్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతి ఎత్తారు. పశువుకు మేత దొరికితే చాలు, మనిషికి మనసు ఎదగాలి, దానికి తీరిక కావాలి అన్నది ఆయన వాదం. యంత్రాలొస్తే పేదోడి ఒంటిచాకిరీ తగ్గి ఆ తీరిక దొరుకుతుందనే గాంధీగారితో తగవుపడ్డారు. మాట చెప్పి ఊరుకోలేదు. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉండి, ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే బిల్లు తెచ్చారు. 1946లో అది చట్టమైంది. (పొలం కూలీకి ఆ లెక్క వర్తించలేదు, అది వేరే పోరాటం.) అంత పనిలో మునిగిన మనిషి పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు. కచేరీలు చేసి బతకడానికి కాదు గదా!

సెల్‌ఫోన్లో పాట వినడం కూడా సంతోషమే, కాదనం. మన చేత్తో చేసిన దాని రుచి వేరు.

ఇక అసలు చిక్కు. ఈ గంట ఎవరికి దొరుకుతుంది? మగవాళ్లం సాయంత్రమైతే అరుగు మీద కూర్చుంటాం. అక్కలు కూలి నుంచి వచ్చి నీళ్లు, పొయ్యి, అంట్లు, పిల్లలు. నాట్లలో వాళ్లు పాడతారు, నిజమే. అది నడుంనొప్పి మరవడానికి పాడే పాట. తీరిగ్గా కూర్చుని పాడుకునే చోటు వాళ్లకేదీ? మన సరదా వాళ్ల వెట్టి మీద నడిస్తే మనకూ దొరకూ తేడా ఏంటి?

కాబట్టి ఆదివారం సాయంత్రం వంట మగవాళ్లది. కమ్యూనిటీ హాలు ఆ గంట ఆడవాళ్లది. పాడతారో, డప్పే కొడతారో, బొమ్మలు గీస్తారో వాళ్లిష్టం. ఆ గంటలో తీర్మానాలొద్దు, చందా పుస్తకాలు తేవద్దు. వచ్చే ఆదివారం పొయ్యి దగ్గర ఎవరుంటారో చెయ్యెత్తండి, మేము పేర్లు రాసుకుంటాం.