తల్లికి మిల్లులో ఉన్న హక్కు బిడ్డకు కాలేజీలో లేదా?

(యూనియన్ మహిళా విభాగం సమావేశంలో ఒక మాజీ మిల్లు కార్మికురాలు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కాను. బతుకంతా దారంతో పనిచేసిన మనిషిని. మొదట మిల్లులో వైండింగ్ ఖాతా, మిల్లు మూతబడ్డాక టవల్ కార్ఖానా. మన సెక్రటరీగారు "నీ బిడ్డ కాలేజీ సంగతి పదిమందికీ చెప్పక్కా, చాలు" అన్నారు, అందుకని నిలబడ్డాను. కాలేజీలోనో యూనివర్సిటీలోనో చదువుతుండగా గర్భవతి అయిన ఆడపిల్లకు ఏ హక్కులున్నాయి, ఏవి లేవు అన్నది ఈరోజు విషయం. "ఇది కూడా యూనియన్ పనేనా?" అని వెనక వరసలో ఎవరో అన్నట్టు వినబడింది. మొత్తం విన్నాక మీరే చెప్పండి.

ముందు నా సంగతి. నా పెద్దకొడుకు 1986లో పుట్టాడు. అప్పటి చట్టం ప్రకారం 12 వారాల సెలవు దొరికింది, ఇ.ఎస్.ఐ. నుంచి పైసలు వచ్చాయి. తిరిగి వచ్చేసరికి నా టికెట్ నంబరు నాదే, నా మిషను నాదే. జాబరు కొంచెం గొణిగాడు, అంతే. పని ఎందుకు మానావని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సెలవు ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు కదా, చట్టంలో రాసి ఉన్నది.

ఇప్పుడు నా చిన్నబిడ్డ సంగతి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. మొదటి సంవత్సరంలో పెళ్లి చేశాం. తొందరపడ్డామని ఇప్పుడు ఒప్పుకుంటాను, మంచి సంబంధం మళ్లీ వస్తుందో రాదో అని భయపడ్డాం. రెండో సంవత్సరం చివరి సెమిస్టర్లో, 2023 ఏప్రిల్‌లో కాన్పు. మే నెలలో పరీక్షలు. ల్యాబులో ఆ ద్రావకాల ఆవిరి పీల్చవద్దని డాక్టరమ్మ ఐదో నెలలోనే చీటీ రాసిచ్చింది. దానితో ప్రాక్టికల్స్ హాజరు పోయింది. చివరి రెండు నెలలు కాళ్ల వాపులు, థియరీ హాజరు కూడా తగ్గింది. నూటికి 75 ఉండాలంటారు, మా పిల్లకు 58 వచ్చింది.

ఆఫీసుకు పోతే గుమాస్తా అన్నాడు: "మావశీ, కాన్పుకు సెలవు అని మా దగ్గర రూలే లేదు. ఈ ఏడు వదిలేసి వచ్చే ఏడు రమ్మనండి." చాలా మామూలుగా అన్నాడు, సాంచ ఆగింది కరెంటు వచ్చాక రండి అన్నట్టు. ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి పోయాం. చెడ్డ మనిషి కాదు. బిడ్డను కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాడు. సాయం చెయ్యాలని మనసులో ఉంది గానీ ఏ కాగితం చూపించి చెయ్యాలో ఆయనకూ తెలియదు. "నేను ఒప్పుకున్నా పైన ఒప్పుకోరు" అన్నాడు.

ఇంటికొస్తుంటే ఆటోలో మా పిల్ల అడిగింది: "అమ్మా, మిల్లులో నీకున్నది నాకెందుకు లేదు?" నాకు జవాబు తెలియలేదు. మన యూనియన్ వకీలుగారిని అడిగి నెమ్మదిగా తెలుసుకున్నాను. మీకు ఇప్పుడు చెబుతున్నది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

మన ప్రసూతి చట్టం పనిచేసే స్త్రీ కోసం పుట్టింది. యజమాని, జీతం, కొలువు ఉంటేనే అది వర్తిస్తుంది. చదువుకునే పిల్లకు యజమాని లేడు, పగారు లేదు. కాబట్టి చట్టం దృష్టిలో ఆమె ఎవరూ కాదు. ఎంత విచిత్రమో చూడండి, చదువురాని తల్లికి ఉన్న రక్షణ చదువుకున్న బిడ్డకు లేదు.

ఆ చట్టం మనకు ఊరికే రాలేదు. దేశంలో ఇలాంటి చట్టం మొదట వచ్చింది మన బొంబాయి రాష్ట్రంలోనే, 1929లో, ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసం. రోజుకు 8 అణాలు. దానికి ముందు 1928 జులైలో బొంబాయి శాసనమండలిలో ఆ బిల్లు మీద చర్చ జరిగినప్పుడు డాక్టర్ అంబేద్కర్ లేచి గట్టిగా సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని ఆయన వాదన. ఈ భారం చాలావరకు ప్రభుత్వం మొయ్యాలి, అయితే ఆడదాని శ్రమతో లాభం పొందే యజమాని కూడా తప్పించుకోకూడదు అన్నారు. చట్టం వచ్చాక యజమానులు ఏం చేశారు? కడుపు కనబడగానే పనిలోంచి తీసెయ్యడం మొదలుపెట్టారు. మా అత్తమ్మ చెప్పేది, ఆరో నెల దాకా చీర కుచ్చిళ్లు పైకి దోపి దాచుకునేవాళ్లమని. అందుకే 1961 చట్టంలో గర్భవతిని ఆ కారణంగా పనిలోంచి తీసెయ్యకూడదని విడిగా రాయించుకోవలసి వచ్చింది. 2017లో 12 వారాలు 26 అయ్యాయి. ఆ నిబంధనలు ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయి, 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ కింద నడుస్తున్నాయి. ఆ కోడ్‌ల మీద మనకున్న తగాదా వేరే, దానికి వేరే మీటింగు పెట్టుకుందాం.

అప్పట్లో మిల్లు యజమానులు డబ్బు పోతుందని గోల పెట్టారు. సరే, వాళ్లది వ్యాపారం. మరి కాలేజీలో ఎవరి డబ్బు పోతోంది? మా పిల్ల జీతం అడగలేదు. పరీక్ష రాయనివ్వండి, పోయిన ప్రాక్టికల్స్ మళ్లీ పెట్టండి అని అడిగింది. హాజరు పట్టీలో ఒక గీత, ల్యాబులో నాలుగు రోజులు, అంతేగా.

విద్యార్థినులకు అసలు ఏమీ లేదా అంటే, ఉంది, అరకొరగా ఉంది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, అదే యు.జి.సి., 2021 డిసెంబరు 14న దేశంలోని వైస్ ఛాన్సలర్లందరికీ ఒక ఉత్తరం రాసింది. డిగ్రీ, పీజీ చదివే అమ్మాయిలకు ప్రసూతి సెలవు మీద తగిన నియమాలు చేసుకోండి, హాజరులో సడలింపు ఇవ్వండి, పరీక్ష ఫారం కట్టే గడువు పెంచండి, అవసరమైన ఇతర సౌకర్యాలు కూడా ఇవ్వండి అని. అనుబంధ కాలేజీలకు కూడా అది వర్తిస్తుంది. మంచి ఉత్తరమే. కానీ అది ఉత్తరం. "చేసుకోండి" అన్నదే గానీ ఇన్ని రోజులు అని అందులో లేదు, చెయ్యకపోతే ఏమవుతుందో లేదు. మా ప్రిన్సిపాల్‌గారు 2023 దాకా దాన్ని చూడనే లేదు. చూపించింది మేము.

పీహెచ్‌డీ చేసే వాళ్లకు మాత్రం నియమం గట్టిగా ఉంది. 2016 నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2022 నిబంధనల్లోనూ, చదువు మొత్తం మీద 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు రాసి ఉంది. గడువులో కూడా ఆడవాళ్లకు రెండేళ్ల సడలింపు. పీహెచ్‌డీ దాకా పోయే మన ఇళ్ల పిల్లలు ఎందరు? బీఏ, బీకాం, బీఎడ్, ఎమ్మెస్సీ, మన పిల్లలుండేది అక్కడ. అక్కడే నియమం పలచగా ఉంది.

కోర్టులకు పోయినవాళ్లున్నారు. 2018లో ఢిల్లీలో ఒక లా విద్యార్థినికి గర్భం వల్ల హాజరు తగ్గితే, ఆ కోర్సు నియమాల్లో చోటు లేదని అక్కడి హైకోర్టు పరీక్షకు అనుమతి ఇవ్వలేదు. 2021 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు ఇంకో విధంగా తీర్పు చెప్పింది. లక్నోలోని అబ్దుల్ కలాం సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒక ఇంజనీరింగ్ పిల్ల గర్భం వల్ల పరీక్షలు పోగొట్టుకుంది. గర్భవతులకు, బాలింతలకు పరీక్షలు రాయడానికి అదనపు అవకాశాలు ఇచ్చేలా నియమాలు చెయ్యమని ఆ యూనివర్సిటీని కోర్టు ఆదేశించింది. 2023 మేలో, సరిగ్గా మా పిల్ల పరీక్షలు నడుస్తున్న నెలలో, మీరట్ చౌధరీ చరణ్ సింగ్ యూనివర్సిటీలో ఎం.ఎడ్. చదివే అమ్మాయి కేసులో ఢిల్లీ హైకోర్టు మాట్లాడింది. రూలు లేదని యూనివర్సిటీ ఇచ్చిన జవాబును కొట్టేసి, ఆమెకు 59 రోజుల ప్రసూతి సెలవు లెక్కలోకి తీసుకోమంది. చదువా, బిడ్డా, రెండింటిలో ఒకటి ఎంచుకోమని ఆడదాన్ని బలవంతపెట్టకూడదని ఆ తీర్పు సారాంశం. అంటే ఒకే కోర్టు ఐదేళ్ల తేడాలో ఒకరికి కాదంది, ఇంకొకరికి అవునంది. రాతలో గట్టి నియమం లేకపోతే ఇలాగే ఉంటుంది. వకీలు ఖర్చులు పెట్టుకోగలిగినవాళ్లు కోర్టుకు పోతారు, మనవాళ్లు టీసీ తీసుకుని ఇంటికి పోతారు.

నియమం చెయ్యడం అంత కష్టమా? కేరళలో చేశారు. 2022 డిసెంబరులో అక్కడి మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2023 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 18 ఏళ్లు నిండిన విద్యార్థినులకు 60 రోజుల దాకా ప్రసూతి సెలవు ఇచ్చాయి. మన కొందరి పిల్లలు అమెరికాలో చదువుతున్నారు కదా, అక్కడ 1972 చట్టం కింద 1975లో చేసిన నిబంధన ఒకటుంది. డాక్టరు ఎంతకాలం అవసరమంటే అంతకాలం సెలవు ఇవ్వాలి, తిరిగొచ్చాక ఆమె ఎక్కడ ఆపిందో ఆ స్థానంలోనే చేర్చుకోవాలి. నా మిషను నాకు తిరిగి దొరికింది చూడండి, అదే మాట.

మా పిల్లకు చివరికి ఏమైందంటే, యు.జి.సి. ఉత్తరం నకలు, డాక్టరు చీటీలు, మా అర్జీ కలిపి యూనివర్సిటీకి ఇచ్చాం. యూనియన్ లెటర్‌హెడ్ మీద సెక్రటరీగారు ఇంకో ఉత్తరం రాశారు. మూడుసార్లు తిరిగాక థియరీ రాయనిచ్చారు. కాన్పయి 19 రోజులు. పిల్ల లోపల పరీక్ష రాస్తుంటే నేను మనవరాలిని ఎత్తుకుని వరండాలో నడిచాను. గంటన్నరకోసారి వచ్చి పాలిచ్చి పోయేది. ఆ పది నిమిషాలూ పరీక్ష సమయంలోనే పోయాయి. పాలివ్వడానికి గది లేదు, ఒక ఆయమ్మ జాలిపడి స్టోర్ రూం తలుపు తీసిచ్చింది. థియరీ అన్నీ పాసయింది. ప్రాక్టికల్స్ మాత్రం మళ్లీ పెట్టలేదు, వచ్చే బ్యాచ్‌తో చేసుకోమన్నారు. డిగ్రీ ఏడాది ఆలస్యంగా వచ్చింది. గెలిచామో ఓడామో ఇప్పటికీ నాకు తెలియదు.

అన్నలూ, మీతో ఒక మాట. కాలేజీవాళ్లను తిట్టడం సులువు. కోడలికి నెలలు నిండితే "ఇంకేం చదువులే" అనే మాట మొదట మనింట్లోనే వినబడుతుంది. మా వియ్యపురాలు అన్నది, నేనూ ఒకరోజు మనసులో అనుకున్నాను. 2024 నుంచి మహారాష్ట్రలో చాలా వృత్తి కోర్సుల్లో తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల ఆడపిల్లలకు ఫీజు మాఫీ ఉంది. పైసా ఖర్చులేని సీటును మనమే ఖాళీ చేయిస్తే ఎట్లా?

మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే ఆలస్యం చెయ్యకండి. మూడో నెలలోనే డాక్టరు చీటీతో కాలేజీకి అర్జీ పెట్టండి. హాజరు పోయాక పెడితే వాళ్లకు సాకు దొరుకుతుంది. ఇన్వర్డ్ నంబరు వేయించుకుని నకలు దాచుకోండి. కాదంటే కాదని రాసిమ్మనండి. మా గుమాస్తా నోటితో చెప్పినన్నాళ్లు మేము ఎక్కడికీ పోలేకపోయాం, రాసిచ్చాకనే యూనివర్సిటీ దాకా పోగలిగాం. భర్తకు ఇ.ఎస్.ఐ. ఉంటే భార్యకు కాన్పు ఇ.ఎస్.ఐ. ఆస్పత్రిలో చేయించుకోవచ్చు, ఆమె చదువుకుంటున్నా సరే. అర్హత ఉన్న ఇళ్లలో మొదటి కాన్పుకు మాతృ వందన యోజన కింద 5000 రూపాయలు వస్తాయి, అంగన్‌వాడీలో అడగండి.

యూనివర్సిటీకి మన యూనియన్ తరఫున ఒక మెమోరాండం తయారవుతోంది. ఎన్ని రోజుల సెలవో అంకెలో రాయాలి, పోయిన ప్రాక్టికల్స్ అదే ఏడు మళ్లీ పెట్టాలి, పాలిచ్చిన సమయం పరీక్షలో కలపాలి, స్కాలర్‌షిప్పు, హాస్టలు ఆగకూడదు, అర్జీ ఎవరికివ్వాలో ఆ అధికారి పేరు బోర్డు మీద ఉండాలి. ఇంకేమైనా చేర్చాలంటే చెప్పండి. యు.జి.సి. ఉత్తరం నకళ్లు, అర్జీ నమూనా తెలుగులో, మరాఠీలో ఆఫీసులో పెట్టాం. ఆదివారం పొద్దున 10 నుంచి ఒంటిగంట దాకా నేను అక్కడే ఉంటాను. పిల్లను కూడా వెంట తీసుకురండి, అర్జీ ఆమె చేతనే రాయిద్దాం.